న్యూటన్లు, కేజీలు, సెకండ్ స్క్వేర్లు: బలం, త్వరణం యూనిట్లతో తన్నుకులాడకుండా లెక్క వేసేది ఎట్లా

మా మేనల్లుడు ఇంటర్ ఫస్ట్ ఇయర్ ఎంపీసీ. మొన్న ఆదివారం ఫిజిక్స్ టెస్ట్ పేపర్ పట్టుకుని ఇంటికొచ్చినాడు, ఫార్ములా కరెక్టే మామా, గుణకారం కరెక్టే, మార్కులు మాత్రం ఊరికే కొట్టేసినారు అని ఒకటే గోల. లెక్క ఏందంటే 200 గ్రాముల వస్తువుకి 5 మీటర్ పర్ సెకండ్ స్క్వేర్ త్వరణం, అంటే స్పీడు పెరిగే రేటు, రావాలంటే ఎంత బలం కావాల. బలం అంటే ద్రవ్యరాశి (వస్తువులో సరుకు ఎంతుందో అది) ఇంటూ త్వరణం కాబట్టి, వీడు 200 ఇంటూ 5 చేసి 1000 న్యూటన్లు అని రాసి, కింద స్కేలు పెట్టి రెండు గీతలు కూడా కొట్టినాడు. నేను అడిగింది ఒకటే, రేయ్, 1000 న్యూటన్లంటే రెండు సిమెంటు మూటలు ఒకేసారి లేపినంత బలంరా, 200 గ్రాములంటే ఒక చిన్న మామిడికాయ, మామిడికాయని తొయ్యడానికి అంత ఎందుకురా అని. పేపర్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, గ్రాములు కేజీలు చెయ్యలేదు మామా అన్నాడు. చేసుంటే 0.2 ఇంటూ 5, ఒకే ఒక్క న్యూటన్. వెయ్యి రెట్లు తేడా.

నేను లెక్చరర్ని కాదబ్బా, మెకానికల్ డిప్లొమా చేసి రేణిగుంట పక్కన ఫ్యాక్టరీలో పని చేస్తా, కానీ ఈ యూనిట్ల దగ్గర నేను తిన్న దెబ్బలు చాలానే ఉన్నాయి కాబట్టి వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా. చెప్పేది కూడా పెద్ద విషయం కాదు, లెక్కలో ప్రతి లైన్లోనూ అంకె పక్కన యూనిట్ రాయండి, చివర్లో ఒకసారి తగిలించడం కాదు, మొదటి లైన్ నుంచి. బజార్లో అరటిపండ్లు ఎంతన్నా అంటే 60 అంటాడు, డజనా కేజీనా అని అడక్కుండా మనమెవరమైనా డబ్బులు తీస్తామా? ఫిజిక్స్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ బుద్ధి యాడికి పోతుందో.

ముందు త్వరణం చూద్దాం, అది తెలీకుండా న్యూటన్ తలకెక్కదు. అలిపిరి దగ్గర చెకింగ్ అయ్యాక కొండ బస్సు కదిలింది అనుకోండి, సున్నా నుంచి గంటకి 36 కిలోమీటర్ల స్పీడుకి రావడానికి 10 సెకన్లు పట్టింది. గంటకి కిలోమీటర్లలో ఉన్నదాన్ని సెకనుకి మీటర్లలోకి మార్చాలంటే 5 బై 18తో గుణించాలి, ఎందుకంటే కిలోమీటరుకి 1000 మీటర్లు, గంటకి 3600 సెకన్లు, 1000 బై 3600 కొట్టేస్తే మిగిలేది 5 బై 18, దీన్ని బట్టీ పట్టక్కర్లేదు. 36 ఇంటూ 5 బై 18 అంటే సెకనుకి 10 మీటర్లు. పది సెకన్లలో 10 పెరిగింది, అంటే ప్రతి సెకనుకీ స్పీడు 1 మీటర్ పర్ సెకండ్ చొప్పున పెరిగింది, అదే 1 మీ/సె².

ఇక్కడే అందరూ తడబడేది, సెకనుకి స్క్వేర్ ఏందబ్బా, చదరపు అడుగు చూశాం గానీ చదరపు సెకను యాడుంది అని. జీతం లెక్కలో పెట్టుకుని చూడండి. మీకు నెలకి 20000 జీతం, ఏటా 1000 పెరుగుతుంది. జీతం అంటే ‘రూపాయలు, నెలకి’. ఇంక్రిమెంట్ అంటే ‘రూపాయలు, నెలకి, ఏడాదికి’. టైము రెండుసార్లు వచ్చింది చూసినారా, ఒకటి నెల, ఇంకొకటి ఏడాది, అక్కడ మనకి ఏ కన్‌ఫ్యూజనూ లేదు. వేగం జీతం లాంటిది, త్వరణం ఇంక్రిమెంట్ లాంటిది, కాకపోతే ఇక్కడ రెండుసార్లూ సెకనే కాబట్టి రెండు సెకన్లు కలిపి పొట్టిగా స్క్వేర్ అని రాస్తాం, అంతే కథ. అందుకే మొదట్లో ‘సెకనుకి, సెకనుకి’ అని రెండుసార్లు బయటికి చదవమంటా, సిగ్గుపడకుండా చదవండి, రెండు రోజుల్లో అలవాటైపోతుంది.

బైకుల గురించి సున్నా నుంచి 60కి నాలుగు సెకన్లు అని చెప్పుకుంటారు కదా, దాన్ని కూడా ఇట్లనే చెయ్యండి. 60 ఇంటూ 5 బై 18 అంటే 16.7, దాన్ని 4తో భాగిస్తే దాదాపు 4.2 మీ/సె². ఇది ఎక్కువా తక్కువా అనేది తెలియాలంటే పక్కన పెట్టి చూసుకోడానికి ఒక కొలబద్ద కావాలి, అదే భూమి గురుత్వ త్వరణం, చిన్న జీ అని రాసేది, 9.8 మీ/సె². 4.2 బై 9.8 అంటే 0.43, అంటే బైకు 0.43 జీతో లాగింది అని అర్థం. ఇందులో జీ అనేది గ్రాము కాదు, గ్రాముకీ దీనికీ అక్షరం ఒకటే రావడం మన ఖర్మ. అచ్చు పుస్తకాల్లో గురుత్వ త్వరణాన్ని వాలుగా, గ్రాముని నిటారుగా వేస్తారు, చేత్తో రాసేటప్పుడు ఆ తేడా ఉండదు కాబట్టి నేనైతే గ్రాముల్ని మొదటి లైన్లోనే కేజీలు చేసి పారేస్తా, ఆ గొడవే ఉండదు.

సెంటీమీటర్ పర్ సెకండ్ స్క్వేర్‌కి గాల్ అని ఇంకో పేరుంది, గెలీలియో పేరు మీద పెట్టింది, భూమి లోపల ఏముందో గురుత్వాన్ని బట్టి వెతికేవాళ్ళు మిల్లీగాల్‌లలో మాట్లాడుకుంటారు. 1 మీ/సె² అంటే 100 గాల్. పరీక్షల్లో పెద్దగా కనపడదు.

ఇప్పుడు బలం. న్యూటన్ అనే మాట వినగానే అదేదో కొత్త సరుకు అనుకోవద్దు, దాన్ని విప్పి చూస్తే లోపల ఉండేది కేజీ, మీటరు, సెకను, ఆ మూడే. 1 కేజీ వస్తువుకి 1 మీ/సె² త్వరణం ఇచ్చే బలమే 1 న్యూటన్, అంటే కేజీ·మీ/సె². సరదా ఏందంటే న్యూటన్‌కి ఈ న్యూటన్ తెలీదు, ఆయన ప్రిన్సిపియా 1687లో వస్తే యూనిట్‌కి ఆయన పేరుని తూనికలు కొలతల అంతర్జాతీయ మహాసభ ఖాయం చేసింది 1948లో. లెక్కలో న్యూటన్ కనపడిన ప్రతిచోటా దాన్ని విప్పి కేజీ·మీ/సె² అని రాసుకోండి, కొట్టివేతలు వాటంతట అవే పడతాయి. బలం ఇచ్చి ద్రవ్యరాశి ఇచ్చి త్వరణం అడిగినాడు అనుకోండి, కేజీ·మీ/సె²ని కేజీతో భాగిస్తే కేజీ కేజీ పోయి మీ/సె² మిగిలింది, అంటే దారి కరెక్టే. తొందర్లో గుణించేసి ఉంటే కేజీ స్క్వేర్ వచ్చి మీ మొహం మీదే నవ్వుతుంది. మితి ఫార్ములా అని చాప్టర్లో భయపెట్టేది కూడా ఇదే.

మనకి చేతిలో పట్టుకుని చూసే న్యూటన్ కావాలంటే లడ్డూ ఉండనే ఉంది. తిరుమల మామూలు లడ్డూ దాదాపు 175 గ్రాములు, అంటే 0.175 కేజీ, దాన్ని 9.8తో గుణిస్తే 1.7 న్యూటన్లు. సగం కంటే ఇంకొంచెం ఎక్కువ లడ్డూని అరచేతిలో పెట్టుకుంటే చెయ్యి మీద పడే బరువు ఒక న్యూటన్. ఇంగ్లీషు పుస్తకాల్లో ఆపిల్ పండు చెప్తారు, మన ఊర్లో ఆపిల్ ఎందుకు. మా మేనల్లుడి ఆన్సర్ 1000 న్యూటన్లు వచ్చినప్పుడు దాదాపు 580 లడ్డూలు కళ్ళ ముందుకి రావాలి, వస్తే వాడే ఆగి చూసుకుంటాడు.

డైన్ అనేది బలానికి ఇంకో యూనిట్, పాత సీజీఎస్ (సెంటీమీటర్, గ్రాము, సెకను) పద్ధతిది, గ్రాము·సెంటీమీటర్/సె². మార్చేది ఎట్లా అంటే విప్పడమే. 1 న్యూటన్ అంటే 1 కేజీ ఇంటూ 1 మీటరు బై సె². కేజీ తీసి 1000 గ్రాములు పెట్టండి, మీటరు తీసి 100 సెంటీమీటర్లు పెట్టండి, సెకను రెండు పద్ధతుల్లోనూ ఒకటే కాబట్టి దాన్ని ముట్టుకోవద్దు. 1000 ఇంటూ 100, లక్ష డైన్లు. లక్షతో గుణించాలా భాగించాలా అని పరీక్ష హాల్లో బొమ్మాబొరుసు వేసే అవసరం లేదు. డైన్ చీమ లాంటిది, అందుకే అంకె పెద్దదిగా వస్తుంది, చిన్న యూనిట్‌కి పెద్ద అంకె, పెద్ద యూనిట్‌కి చిన్న అంకె, అర్ధ రూపాయి నాణేలు రూపాయి నాణేల కంటే ఎక్కువ కావాలి కదా అట్లా.

అసలు తలనొప్పి ఇవేవీ కాదు, కేజీ. ఎందుకంటే మనం బరువు ఎంత అంటే 60 కేజీలు అంటాం, ఫిజిక్స్‌లో బరువు అంటే బలం, బలాన్ని కేజీలో చెప్పకూడదు అంటారు, మరి కాటా మీద కేజీ అనే రాసుంది కదా? ఇది అర్థం కావాలంటే రెండు రకాల కాటాలు చూడండి. తిరుమలలో తులాభారం చూసుంటారు, ఒక తట్టలో పిల్లోడు, ఇంకో తట్టలో చిల్లర నాణేలో బెల్లమో చక్కెరో. రెండు తట్టల్నీ భూమి ఒకే లెక్కన లాగుతుంది, కాబట్టి ఆ తులాభారాన్ని చంద్రుడి మీదకి తీసుకుపోయినా పిల్లోడికి అంతే బెల్లం పడుతుంది. అది కొలిచేది ద్రవ్యరాశిని, సరుకు ఎంతుందో దాన్ని. స్ప్రింగ్ కాటా అట్లా కాదు, కొక్కేనికి తగిలిస్తే స్ప్రింగు ఎంత సాగిందో చూపిస్తుంది, అంటే అది కొలిచేది బలాన్ని, న్యూటన్లని, కాకపోతే మన సౌకర్యం కోసం ముందే 9.8తో భాగించి కేజీలని అచ్చేసినారు. చంద్రుడి మీద గురుత్వ త్వరణం 1.62 కాబట్టి అక్కడ 60 కేజీల మనిషి మీద లాగుడు 97 న్యూటన్లే, స్ప్రింగ్ కాటా దాదాపు 10 కేజీలని చూపిస్తుంది, మనిషి మాత్రం చిక్కిపోలేదు.

చంద్రుడి దాకా ఎందుకు, కొండెక్కినా తేడా వస్తుంది. తిరుపతి కంటే తిరుమల ఏడెనిమిది వందల మీటర్ల ఎత్తు, అక్కడ లాగుడు ఒక పిసరు తక్కువ, 60 కేజీల మనిషికి పది గ్రాములు అటూఇటూ తగ్గుతుంది, మెట్లెక్కి చెమట పట్టి తగ్గేది దానికి వేరే. గురుత్వ త్వరణం భూమధ్యరేఖ దగ్గర 9.78, ధ్రువాల దగ్గర 9.83, మన తిరుపతి దక్షిణాన ఉంది కాబట్టి 9.78 లెక్కలోకే వస్తుంది. ఎలక్ట్రానిక్ కాటా కూడా లోపల బలాన్నే కొలుస్తుంది, లండన్‌లో సరిచేసిన కాటాని అట్లనే తెచ్చి ఇక్కడ పెడితే 10 కేజీలకి ముప్పై గ్రాములు తక్కువ చూపిస్తుంది, అందుకే కాటాని వాడే ఊర్లోనే బాట్లు పెట్టి సరిచెయ్యాల. చిత్తూరులో తోతాపురి మామిడికాయల లారీల్ని తూచే పెద్ద కాటాకైనా ఇదే న్యాయం.

ఈ రెండిటి మధ్య ఇరుక్కున్నదే కేజీ ఫోర్స్, కొందరు కేజీ వెయిట్ అంటారు. 1 కేజీ ఫోర్స్ అంటే 1 కేజీ వస్తువుని భూమి లాగే బలం, కచ్చితంగా 9.80665 న్యూటన్లు, ఊరూరికీ మారకుండా ఈ అంకెని 1901లోనే గీత గీసి పెట్టేసినారు. లెక్కలో బలం 5 కేజీ ఫోర్స్ అని ఇస్తే ముందు 9.8తో గుణించి 49 న్యూటన్లు చేసుకుని తర్వాతే ముందుకి పోండి. ద్రవ్యరాశి 5 కేజీలని ఇస్తే ముట్టుకోవద్దు. నేను చూసిన తప్పుల్లో సగం ఇక్కడే, గుణించాల్సిన చోట వదిలేస్తారు, వదలాల్సిన చోట గుణిస్తారు. ‘బరువు’ అని మాట వస్తే పెన్ను ఆపి ఒక్క క్షణం ఇది సరుకా లాగుడా అని అడుక్కోండి.

నా సొంత కథ ఒకటి. బండికి ఆయిల్ నేనే మార్చుకుందామని ఒక టార్క్ రెంచ్ కొన్నా, మనం పెట్టిన అంకె దాకా బోల్టు బిగిస్తే క్లిక్ అనేది, పాతికేళ్ళ వయసు, అన్నీ తెలుసు అనే పొగరు. మాన్యువల్లో డ్రెయిన్ బోల్టుని (పాత ఆయిల్ కిందికి వదిలేది) 24 న్యూటన్ మీటర్లకి బిగించాల అని ఉండాది. రెంచ్ మీద రెండు స్కేళ్ళు, ఒకవైపు న్యూటన్ మీటర్, ఇంకోవైపు ఫుట్ పౌండ్. నేను చూసింది 24 అంకె ఒక్కటే. ఫుట్ పౌండ్ వైపు 24కి పెట్టి బిగించినా, 1 ఫుట్ పౌండ్ అంటే 1.356 న్యూటన్ మీటర్లు, అంటే 32.5కి పెట్టినట్టు. క్లిక్ వినపడకముందే బోల్టు వెన్నలో తిరిగినట్టు తేలిగ్గా తిరగడం మొదలుపెట్టింది, అల్యూమినియం కదా, లోపల మరలు ఊడి బోల్టుకి చుట్టుకుని వెండి తీగల్లాగా బయటికొచ్చినాయి. మెకానిక్ అన్న దాన్ని చూసి ఏమీ అనలేదు, నవ్వినాడు, అదే ఎక్కువ బాధ.

అమెరికా వాళ్ళు కూడా ఇట్లాంటిదే చేసినారులే. నాసా మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999 సెప్టెంబర్‌లో అంగారకుడి దగ్గర పోయింది, నేల మీద ఒక సాఫ్ట్‌వేర్ లెక్కల్ని పౌండ్ ఫోర్స్ సెకన్లలో ఇస్తే, తీసుకున్నవాళ్ళు న్యూటన్ సెకన్లనుకుని వాడేసుకున్నారు. 1 పౌండ్ ఫోర్స్ అంటే 4.45 న్యూటన్లు. నాది ఒక బోల్టు, వాళ్ళది ఒక ఉపగ్రహం.

మనకి దగ్గర్లో శ్రీహరికోట ఉంది కదా, 2022లో జిల్లాలు మారినప్పటి నుంచి మన తిరుపతి జిల్లానే. రాత్రి ప్రయోగమైతే, మబ్బు లేకపోతే, మిద్దె మీద నుంచి తూర్పున నిప్పుగీత లేస్తుంది. దాంతో పెద్ద అంకెలు ప్రాక్టీస్ చేయించినా మావాడికి. ఇస్రో ఎల్వీఎం3 రాకెట్ లేచేటప్పుడు దాదాపు 640 టన్నులు. టన్నంటే 1000 కేజీలు, కాబట్టి 6,40,000 కేజీలు, 9.8తో గుణిస్తే 62,72,000 న్యూటన్లు, పొట్టిగా 6272 కిలోన్యూటన్లు. నేల వదలాలంటే మంటలు కిందికి కొట్టి పైకి తోసే బలం దీనికంటే ఎక్కువ ఉండాల. పక్కన రెండు ఎస్200 బూస్టర్లు, ఒక్కొక్కటీ గరిష్ఠంగా 5150 కిలోన్యూటన్ల దాకా ఇస్తుంది, రెండూ కలిస్తే పది వేలు దాటింది, సరిపోయింది. అదే 5150ని పేపర్లలో 525 టన్నుల థ్రస్ట్ (తోసే బలం) అని రాస్తే కంగారు పడొద్దు, అది టన్ను ఫోర్స్, 9.8తో భాగించి చెప్పినారంతే.

రాసేటప్పుడు అక్షరాలు కూడా చూసుకోండి. న్యూటన్ గుర్తు పెద్ద ఎన్, మీటరుకి చిన్న ఎమ్. పెద్ద ఎన్ ముందు చిన్న ఎమ్ పెడితే మిల్లీన్యూటన్, పెద్ద ఎమ్ పెడితే మెగాన్యూటన్, రెండిటికీ తేడా వంద కోట్ల రెట్లు. అదే చిన్న ఎమ్ ముందు కాకుండా వెనక పడితే న్యూటన్ మీటర్, అది బలమే కాదు, టార్క్, అంటే తిప్పుడు. కేజీలో కే ఎప్పుడూ చిన్నదే, పెద్ద కే రాస్తే కెల్విన్, ఉష్ణోగ్రత.

ఇక చేతికి అందే పని ఒకటి. ఫోన్లో త్వరణాన్ని కొలిచే సెన్సార్ ఉంటుంది, ఫైఫాక్స్ అనే ఫ్రీ యాప్ వేసుకుంటే దాని అంకెలు నేరుగా మీ/సె²లో కనపడతాయి. ముందు ఫోన్ని టేబుల్ మీద కదలకుండా పెట్టి జీతో కలిపి చూపించే ఆప్షన్ తెరవండి, 9.8 చుట్టుపక్కల చూపిస్తుంది. కదలని ఫోన్‌కి త్వరణమేంది అంటారు, టేబుల్ దాన్ని పైకి తోసే తోపుడే అది, సెన్సార్ స్ప్రింగ్ కాటా జాతి. తర్వాత లిఫ్టులోకి పట్టుకుపోండి, పైకి బయల్దేరినప్పుడు అంకె పెరుగుతుంది, ఆగేటప్పుడు తగ్గుతుంది. లిఫ్టు 1 మీ/సె²తో పైకి లేస్తే 60 కేజీల మనిషి కాళ్ళ కింద బలం 60 ఇంటూ 10.8, అంటే 648 న్యూటన్లు, బాత్రూమ్ కాటా మీద నిలబడి ఉంటే 66 కేజీలు చూపిస్తుంది.

మావాడు దీన్ని సప్తగిరి బస్సులో కొండ మీదకి పోయేటప్పుడు పట్టుకుపోయినాడు, జీ లేకుండా చూపించే ఆప్షన్ పెట్టి, ఫోన్ తల ముందుకి ఉండేట్టు తొడ మీద అడ్డంగా కాకుండా నిలువుగా పడుకోబెట్టి. అట్లా పెడితే పక్కలకి లాగేది ఎక్స్ గీతలో, ముందుకి వెనక్కి లాగేది వై గీతలో వస్తుంది. ఒక పెద్ద మలుపులో ఎక్స్ గీత 3 దాకా పోయిందంట, అప్పుడే ఇంకో ఫోన్లో వాళ్ళమ్మ చూసిన స్పీడు గంటకి 27 కిలోమీటర్లు. వీడి బరువు 50 కేజీలు, 50 ఇంటూ 3 అంటే 150 న్యూటన్లు, 15 కేజీల మూట పక్క నుంచి ఆనించి తోసినంత, అందుకే పక్క సీటాయన మీద పడినా అన్నాడు. మలుపు ఎంత ఇరుకో కూడా వస్తుంది చూడరా అన్నా, స్పీడు స్క్వేర్‌ని పక్కకి లాగే త్వరణంతో భాగిస్తే వచ్చేది మలుపు వ్యాసార్థం. 27 ఇంటూ 5 బై 18 అంటే 7.5 మీ/సె, దాని స్క్వేర్ 56.25 మీ²/సె², దాన్ని 3 మీ/సె²తో భాగించాల. సె² సె² పోయింది, మీ² బై మీ అంటే మీ మిగిలింది. 18.75 మీటర్లు, రోడ్డు వాలు, కుదుపులు ఉంటాయి కాబట్టి 19 అటూఇటూ అనుకోండి. ఫోన్ని గట్టిగా పట్టుకుంటే చేతి వణుకు కూడా గీతలోకి వస్తుంది, అందుకని కిందికి జారకుండా కింద ఒక టవల్ వేసుకోండి. దిగేటప్పుడు ఇంకో ఘాట్ రోడ్డులో కూడా ఇదే చేద్దామనుకున్నాడు గానీ నాలుగో మలుపులోనే వాంతొచ్చినట్టుందని ఫోన్ జేబులో పెట్టి నిమ్మకాయ వాసన చూస్తా కూర్చున్నాడంట.